కొత్త ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ ఎక్కడ చేరాలి? అమెరికా స్కూళ్లను తూచి చూసే పద్ధతి

చేతికి సీఎఫ్‌ఐ (ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్) సర్టిఫికెట్ వచ్చేనాటికి లాగ్‌బుక్‌లో సాధారణంగా 250 నుంచి 300 గంటలుంటాయి. ఎయిర్‌లైన్‌లో కుడి సీటుకు, అంటే కో-పైలట్‌కు కావాల్సిన ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్ సర్టిఫికెట్)కి 1,500 కావాలి. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం 3407 కూలి 50 మంది చనిపోయాక, 2010లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2013 నుంచి ఈ అంకె కో-పైలట్లకూ వర్తిస్తోంది. ఆ విమానం నడిపిన ఇద్దరికీ 1,500 కంటే ఎక్కువ గంటలే ఉన్నాయన్నది వేరే చర్చ. ఇప్పటికైతే మధ్యలో మిగిలిన పన్నెండొందల గంటల్ని ఎక్కువమంది పాఠాలు చెప్పే నింపుకుంటున్నారు.

ఉద్యోగం వెతికేవాళ్లు మొదట అడిగేది గంటకు ఎంతిస్తారని. అది మూడో ప్రశ్నగా ఉండాలి. మొదటిది: నెలకు నిజంగా ఎన్ని గంటలు ఎగురుతాను? రెండోది: ఈ గాలిలో, ఈ విమానంతో ఎగరను అని చెప్పిన రోజు నా జేబుకు ఎంత చిల్లు పడుతుంది? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పే స్కూల్లో విమానాలు పాతవైనా ఫరవాలేదు. చెప్పలేని చోట డిజిటల్ తెరల గ్లాస్ కాక్‌పిట్లు ఎన్ని ఉన్నా మేడిపండే.

వీసా మీద ఉన్నవాళ్లు ముందు చూడాల్సింది

మన పిల్లల్లో చాలామంది ఎం-1 వీసా మీద ఫ్లైట్ స్కూలుకు వెళ్తారు, కొందరు ఎఫ్-1 మీద ఏవియేషన్ డిగ్రీ చేస్తారు. ఈ రెండింటికీ పని చేసే హక్కులో పెద్ద తేడా ఉంది. ఎం-1లో చదువుతూ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. కోర్సు పూర్తయ్యాక ప్రతి నాలుగు నెలల చదువుకూ ఒక నెల చొప్పున ప్రాక్టికల్ ట్రైనింగ్ ఇస్తారు. అదీ 6 నెలలకు మించదు. పన్నెండు నెలల కోర్సు చేస్తే వచ్చేది మూడు నెలలు. నెలకు 70 గంటలు ఎగిరినా 210 గంటలే. ఎం-1 మీద వెళ్లి అక్కడే 1,500 చేసుకుని వస్తానన్న లెక్క కుదరదు. ఎవరైనా కుదురుతుందని నమ్మబలికితే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

ఎఫ్-1 వాళ్లకు ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి) 12 నెలలు. అదే వేగంతో 840 గంటలు వస్తాయి, మొత్తం 1,090 దాకా చేరొచ్చు. ఓపీటీలో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. అందుకని చదువు ముగిసే ముందే స్కూలు ఖాయం చేసుకోవాలి. ఈఏడీ (పని అనుమతి) కార్డు చేతికి రాకముందు, కార్డు మీది తేదీ మొదలుకాకముందు ఒక్క పాఠం కూడా చెప్పకండి. జీతం తీసుకోకుండా ఊరికే చెబుతున్నానన్నది గట్టి రక్షణ కాదు. మీ డిగ్రీ స్టెమ్ జాబితాలో ఉందో లేదో, దాంతో పొడిగింపు దొరుకుతుందో లేదో కాలేజీ డీఎస్ఓను (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని) అడిగి తెలుసుకోండి, స్నేహితుల్ని కాదు.

గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు. మిగతాదంతా అందరికీ ఒకటే.

గంటల లెక్క మీరే వేయండి

ఇంటర్వ్యూలో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ "మా దగ్గర నెలకు ఎనభై గంటలు వస్తాయి" అంటారు. ఆ మాట నమ్మక్కర్లేదు, కొట్టిపారేయక్కర్లేదు. లెక్కకు కావాల్సినవి రెండే అంకెలు: ఎగిరే విమానాలెన్ని, ఇన్‌స్ట్రక్టర్లెందరు.

ఎనిమిది విమానాలున్న స్కూలును తీసుకుందాం. ఒకటి ఎప్పుడూ హ్యాంగర్‌లో ఉంటుందనుకోండి, మిగిలేవి ఏడు. ఒక్కో విమానానికి రోజుకు రెండు గంటల స్లాట్లు నాలుగు నిండుతాయి. రెండు గంటల స్లాట్ అంటే హాబ్స్ మీటర్ (విమానం నడిచిన గంటలు చూపేది) మీద రెండు గంటలు కాదు. బ్రీఫింగ్, ప్రీఫ్లైట్, ఇంధనం, తిరిగొచ్చాక మాటలు పోను ఎగిరేది 1.3 దగ్గర. ఏడును నాలుగుతో, దాన్ని 1.3తో హెచ్చిస్తే రోజుకు 36 గంటలు. పన్నెండు మంది ఇన్‌స్ట్రక్టర్లుంటే తలా మూడు. నెలకు 24 రోజుల పని, వాతావరణానికి నాలుగో వంతు పోతే 55 గంటలు. అదే పద్దెనిమిది మంది ఉంటే 36 గంటలు. 250 నుంచి 1,500కు చేరడానికి మొదటి చోట 23 నెలలు పడుతుంది, రెండో చోట 35. విమానాలు అవే, ఊరు అదే. ఆరుగురు ఎక్కువున్నందుకు ఏడాది పోయింది.

విమానానికి ఒకటిన్నర మంది ఇన్‌స్ట్రక్టర్లుంటే బాగుంటుంది. ఇద్దరు దాటితే ఆలోచించాలి. పైగా స్లాట్లు సమానంగా పంచరు. పాతవాళ్లకు వాళ్ల విద్యార్థులు ఉంటారు, కొత్తగా చేరేవాడికి తొలిసారి రుచి చూడటానికి వచ్చేవాళ్ల డిస్కవరీ ఫ్లైట్లూ మధ్యలో మానేసి తిరిగొచ్చిన విద్యార్థులూ మిగులుతారు. కాబట్టి సగటు అడగకండి. "గత ఆరు నెలల్లో చేరిన చివరి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు మూడో నెలలో ఎన్ని గంటలు ఎగిరారు?" అని అడగండి. వీలైతే ఆ ఇద్దరితోనే మాట్లాడండి.

ఇంటి నుంచే సరిచూసుకునే దారి కూడా ఉంది. స్కూల్ వెబ్‌సైట్‌లోని ఫొటోల్లో విమానాల తోకల మీద ఎన్-నంబర్లు కనిపిస్తాయి. వాటిని ఫ్లైట్‌అవేర్‌లోనో ఏడీఎస్-బీ ఎక్స్ఛేంజ్‌లోనో రెండు వారాలు చూడండి. ఎన్ని నిజంగా ఎగురుతున్నాయి, ఏది పది రోజులుగా కదల్లేదు అన్నది తెలిసిపోతుంది. అవే నంబర్లను ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రీలో కొడితే యజమాని ఎవరో వస్తుంది. ఒక్కో విమానానికి ఒక్కో యజమాని ఉంటే అవి లీజ్‌బ్యాక్ మీద, అంటే యజమానుల నుంచి స్కూలు అద్దెకు తీసుకుని నడుపుతున్నట్టు. తప్పేం కాదు గానీ, ఖరీదైన రిపేరు వచ్చినప్పుడు యజమాని ఒప్పుకునేదాకా విమానం మూలన కూర్చుంటుంది. ఎన్‌టీఎస్‌బీ (ప్రమాదాల దర్యాప్తు సంస్థ) డేటాబేస్‌లో కూడా ఆ నంబర్లు, ఆ విమానాశ్రయం పేరు వెతకండి. ఒక గట్టి ల్యాండింగ్ ఉన్నంత మాత్రాన భయపడక్కర్లేదు. ఒకే రకం తప్పు మూడుసార్లు కనిపిస్తే అది ఆ స్కూలు అలవాటు.

ఏ రకం గంటలన్నదీ ముఖ్యమే

ఇన్‌స్ట్రక్టర్‌గా ఎగిరినదంతా పీఐసీ (విమానానికి బాధ్యుడైన పైలట్) కింద రాసుకోవచ్చు. కానీ ఏటీపీకి మొత్తం 1,500తో పాటు విడిగా 500 క్రాస్‌కంట్రీ, 100 రాత్రి, 75 ఇన్‌స్ట్రుమెంట్ (బయటికి చూడకుండా పరికరాల మీదే ఎగిరినవి), 50 మల్టీఇంజిన్ కావాలి. రన్‌వే చుట్టూ ప్యాటర్న్‌లో తిరుగుతూ ల్యాండింగ్‌లు నేర్పుతూ ఏడాది గడిపితే 800 గంటలుంటాయి, క్రాస్‌కంట్రీ మాత్రం నూట చిల్లరకు మించదు. ఏటీపీకి లెక్కించే క్రాస్‌కంట్రీకి బయలుదేరిన చోటు నుంచి సూటిగా 50 నాటికల్ మైళ్లు దాటితే చాలు, అక్కడ దిగనక్కర్లేదు. ప్రాక్టీస్ ఏరియా యాభై మైళ్ల అవతల ఉన్న స్కూలు విద్యార్థికి ఖర్చు పెంచుతుంది, మీకు మాత్రం ఈ కాలమ్ నింపుతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇన్‌స్ట్రుమెంట్ గంటల దగ్గర. విద్యార్థి హుడ్ (బయట కనబడకుండా చేసే తొడుగు) పెట్టుకుని ఎగురుతుంటే ఆ సిమ్యులేటెడ్ గంటలు అతనివే, మీవి కావు. నిజంగా మేఘాల్లో ఉన్నప్పుడు మాత్రమే ఇన్‌స్ట్రక్టర్ ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ రాసుకోగలడు. అరిజోనా ఎండల్లో ఏడాది పొడవునా ఎగిరిన సీఎఫ్‌ఐఐకి (ఇన్‌స్ట్రుమెంట్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కు) ఈ కాలమ్ వెక్కిరిస్తూ కనిపిస్తుంది. సిమ్యులేటర్‌లో కొంత పూడ్చుకోవచ్చు, మామూలుగా 25 గంటల వరకే. సియాటిల్ వైపు, గల్ఫ్ తీరంలో, కాలిఫోర్నియా తీరపు ఉదయపు మబ్బుల్లో ఇవి వాటంతటవే వస్తాయి, స్కూలు తన విమానాల్ని మేఘాల్లోకి పంపడానికి ఒప్పుకుంటే. ఒప్పుకోని స్కూళ్లు కూడా ఉన్నాయి, కాబట్టి అడగాలి.

మల్టీఇంజిన్ కోసం చేరుతుంటే ఇంకో మెలిక. ఏ ట్విన్‌లో (రెండింజిన్ల విమానంలో) నేర్పాలన్నా ఆ మేక్, మోడల్‌లోనే మీకు 5 గంటల పీఐసీ ఉండాలి. ఆ ఐదు గంటల ఖర్చు స్కూలుదా మీదా? ఒకే ఒక్క ట్విన్ ఉంటే దాని మీద వరుసలో మీకంటే ముందు ఎందరున్నారు?

పార్ట్ 61, పార్ట్ 141, యూనివర్సిటీలు

పార్ట్ 61, పార్ట్ 141 అన్నవి స్కూళ్లు నడిచే ఎఫ్‌ఏఏ నిబంధనల భాగాలు. పార్ట్ 141 స్కూలులో సిలబస్ ఎఫ్‌ఏఏ ఆమోదించినది. పాఠం వరుస తప్పడానికి లేదు, మధ్యమధ్యలో మీ విద్యార్థిని ఇంకొకరు స్టేజ్ చెక్ చేస్తారు. మీరు కూడా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ముందు పరీక్షకు నిలబడాలి. కొత్తవాళ్లకు ఇది వరం. మీరు చెప్పిన పాఠంలో లోటు ఏమిటో చెక్‌రైడ్ (ఎగిరి చూపే తుది పరీక్ష) ఫెయిలయ్యేదాకా ఆగకుండా, ఇరవయ్యో గంటలోనే తెలుస్తుంది. స్కూలు తన సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి విద్యార్థుల్లో 80 శాతం మంది మొదటిసారే పాసవ్వాలన్న నిబంధన ఉంది కాబట్టి, సిద్ధంగా లేని వాణ్ని పంపమని మీ మీద ఒత్తిడి తేవడం వాళ్లకూ నష్టమే.

పార్ట్ 61లో స్వేచ్ఛ ఎక్కువ. బే ఏరియాలో, డాలస్ చుట్టుపక్కల సాయంత్రాలు, శని ఆదివారాలు ఎగిరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇలాంటి స్కూళ్లకే వస్తారు. వాళ్లు డబ్బుకు తడుముకోరు, ప్రశ్నలు లోతుగా అడుగుతారు, ఆఫీసు పని పడితే వరుసగా మూడు వారాలు రారు. తలా వారానికి ఒకసారి వచ్చే పది మంది విద్యార్థుల కంటే మూడుసార్లు వచ్చే నలుగురు మీ గంటలకు మేలు, వాళ్ల చదువుకూ మేలు. స్కూలును ఈ ప్రశ్న కూడా అడగండి: ఫుల్‌టైమ్ విద్యార్థుల వాటా ఎంత?

ఎంబ్రీ-రిడిల్, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ డకోటా లాంటి చోట్ల ఇన్‌స్ట్రక్టర్లలో సొంత విద్యార్థులే ఎక్కువ. ఏవియేషన్‌లో బ్యాచిలర్ డిగ్రీ, 60 క్రెడిట్లు, అదే కాలేజీ అనుబంధ పార్ట్ 141లో శిక్షణ ఉన్నవాళ్లకు పరిమిత ఏటీపీ 1,000 గంటలకే వస్తుంది, అసోసియేట్ డిగ్రీకి 1,250. ఈ దారిలో క్రాస్‌కంట్రీ కూడా 500 బదులు 200 చాలు. ఇక్కడో అపోహ: అక్కడ ఉద్యోగం చేస్తే ఈ రాయితీ రాదు, అక్కడ చదివితేనే వస్తుంది.

మాట వచ్చింది కాబట్టి, ఇండియన్ ఎయిర్‌లైన్ల క్యాడెట్లకు శిక్షణ ఇచ్చే అకాడమీలు అమెరికాలో ఉన్నాయి. అక్కడ తెలుగో హిందీయో వచ్చిన ఇన్‌స్ట్రక్టర్‌కు గిరాకీ ఉంటుంది. బోర్డు దగ్గర అర్థం కాని చోట తెలుగులో ఒక్క ముక్క చెబితే గంట ఆదా అవుతుంది. కాక్‌పిట్‌లో మాత్రం అన్నీ ఇంగ్లిష్‌లోనే, లేకపోతే క్యాడెట్లు రేడియోలో మాట్లాడే తీరు దెబ్బతింటుంది.

ఊరు, ఎత్తు, ఎండ

ఫీనిక్స్‌లో ఎగరలేని రోజులు తక్కువ. కానీ మెసాలోని ఫాల్కన్ ఫీల్డ్ 1,394 అడుగుల ఎత్తులో ఉన్నా, 43 డిగ్రీల మధ్యాహ్నం డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి గాలి పలచబడి విమానానికి తోచే ఎత్తు) ఐదు వేల అడుగులు దాటుతుంది. వేసవిలో పాఠాలు తెల్లవారుజామున ఐదింటికి మొదలవుతాయి. రాత్రి పదింటిదాకా మీరు అక్కడే ఉండాల్సిన స్కూలైతే నిద్ర ఎప్పుడో అడగండి. 24 గంటల్లో 8 గంటలకు మించి ఫ్లైట్ ట్రైనింగ్ ఇవ్వకూడదని ఎఫ్‌ఏఏ నిబంధన 61.195 చెబుతుంది. డ్యూటీ గంటలకు మాత్రం అది హద్దు పెట్టదు. స్కూలే పెట్టుకోవాలి.

డెన్వర్ సెంటెనియల్ 5,885 అడుగులు. 30 డిగ్రీల రోజున అది తొమ్మిది వేలు దాటిన ఎత్తులా ప్రవర్తిస్తుంది. అలాంటి చోట 160 హార్స్‌పవర్ సెస్నా 172లో ముగ్గురు ఎక్కే పాఠాలు పెడతారా అన్నది చూడాలి. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములకు పోతాయి, ఉదయాలు బంగారం. నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో చలికాలం ఐసింగ్, మంచు కలిసి వారాలకు వారాలు మింగుతాయి. ఊరు నచ్చిందని కాదు, ఏ నెలలో చేరుతున్నారన్నది కూడా లెక్కలో వేయండి. ఉత్తరాదిన నవంబరులో చేరితే మొదటి నాలుగు నెలలు ఖాళీ జేబే.

బరువు సంగతి చాలామంది మరిచిపోతారు. స్కూల్లో ఉన్నవి సెస్నా 152లైతే గరిష్ఠ బరువు 1,670 పౌండ్లు. ఖాళీ బరువు 1,150 అనుకుంటే మిగిలేది 520. ట్యాంకులు నింపితే వాడదగిన ఇంధనమే 147 పౌండ్లు. ఇద్దరికీ కలిపి 373, అంటే తలా 84 కిలోలు, సంచీ కూడా లేకుండా. మీ బరువు 90 అయితే అలాంటి స్కూల్లో సగం విద్యార్థుల్ని మీరు తీసుకోలేరు.

డబ్బు

రెండు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం, అంకెలు ఉదాహరణకే. ఒక స్కూలు హాబ్స్ గంటకు 45 డాలర్లిస్తుంది, 1099 (కాంట్రాక్టర్) కింద. గ్రౌండ్ టైమ్‌కు, అంటే నేల మీద చెప్పే పాఠాలకు ఏమీ లేదు. ఇంకోటి ఎగిరినా బోర్డు దగ్గర చెప్పినా గంటకు 30, డబ్ల్యూ-2 (జీతగాడు) కింద, వారానికి 25 గంటలకు హామీ. మబ్బులు పట్టిన నెలలో మొదటి చోట 35 గంటలు ఎగిరితే 1,575 డాలర్లు. అందులో పన్ను పడే 92.35 శాతం మీద 15.3 శాతం సెల్ఫ్-ఎంప్లాయ్‌మెంట్ పన్ను (సోషల్ సెక్యూరిటీ, మెడికేర్) కింద దాదాపు 220 పోతుంది. రెండో చోట హామీ ప్రకారం 3,000, ఉద్యోగి వాటా 7.65 శాతం పోయినా 2,770. మంచి నెలలో 80 గంటలు ఎగిరితే? మొదటి చోట పన్ను పోను సుమారు 3,090. రెండో చోట 35 గంటల గ్రౌండ్ కూడా కలిసి సుమారు 3,185. ఆదాయపు పన్ను రెంటికీ వేరే. ఎఫ్-1, ఎం-1 వాళ్లకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ సోషల్ సెక్యూరిటీ లెక్క సాధారణంగా వర్తించదు.

ఇక్కడ డబ్బు కంటే పెద్ద విషయం ఉంది. ఎగిరితేనే జీతం అన్న చోట, క్రాస్‌విండ్ (అడ్డగాలి) 17 నాట్లు ఉన్న ఉదయం "చూద్దాంలే, తగ్గుతుందేమో" అనిపిస్తుంది. అద్దె కట్టాల్సిన వారమైతే ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది. హామీ ఉన్న చోట అదే మనిషి ఆ అరగంటలో విద్యార్థికి విండ్ కాంపోనెంట్ లెక్క నేర్పుతాడు. కనీస వేతనం హామీ, రద్దయిన పాఠానికి గ్రౌండ్ చెల్లింపు: ఈ రెంటిలో ఒక్కటి కూడా లేని స్కూలును చివరికి నెట్టండి.

1099 అంటూనే షెడ్యూల్ వాళ్లే వేసి, యూనిఫాం వాళ్లే చెప్పి, ఇంకెక్కడా పాఠాలు చెప్పకూడదంటే ఆ వర్గీకరణ ఐఆర్‌ఎస్ (పన్ను శాఖ) ముందు నిలవడం కష్టం. అలాంటి స్కూలు మిగతా నిబంధనల్ని ఎలా చదువుతుందో ఊహించుకోవచ్చు.

విమానాల ఆరోగ్యం

విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉందో లేదో తేల్చాల్సింది పీఐసీ, అంటే మీరు. కాబట్టి లాగ్‌లు చూపించమని అడగడానికి మొహమాటం వద్దు. స్కూలు విమానాలకు యాన్యువల్‌తో పాటు 100 గంటల ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి. పది గంటలు దాటొచ్చన్నది ఇన్‌స్పెక్షన్ చేసే చోటికి తీసుకెళ్లడానికే, ఇంకో నాలుగు పాఠాలు లాగడానికి కాదు. ట్యాక్ (ఇంజిన్ గంటల మీటర్) అంకెను ఎవరు గమనిస్తారో, గడువు దాటితే షెడ్యూల్ సాఫ్ట్‌వేర్ దానంతట అదే ఆపుతుందో, లేక తెల్లబోర్డు మీద రాసి వదిలేస్తారో చూడండి. ట్రాన్స్‌పాండర్ పరీక్ష 24 నెలలకు, ఈఎల్‌టీ (ప్రమాదంలో సంకేతం పంపే పరికరం) 12 నెలలకు. ఐఎఫ్ఆర్ (పరికరాల మీద) ఎగిరేవైతే పిటో-స్టాటిక్ కూడా 24 నెలలకు.

ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్‌లలో (ఎఫ్‌ఏఏ ఇచ్చే తప్పనిసరి భద్రతా ఆదేశాలు, ఏడీలు) రెండింటిని పేరుపెట్టి అడిగితే వాళ్ల శ్రద్ధ తెలిసిపోతుంది. సెస్నాలకు సీటు పట్టాల తనిఖీ, 2011-10-09. ఆ పట్టా అరిగి టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే విద్యార్థి యోక్ పట్టుకునే వేలాడతాడు. పైపర్ పీఏ-28లకు రెక్క స్పార్ తనిఖీ, 2020-26-16. 2018 ఏప్రిల్‌లో డేటోనా బీచ్ దగ్గర ఒక శిక్షణ యారో (పీఏ-28 రకమే) ఎడమ రెక్క విడిపోయి ఇద్దరు మరణించారు. ఈ ఆదేశం వెనక ఉన్నది ఆ ప్రమాదమే. "ఆ ఏడీ మాకు వర్తించదు" అంటే ఎందుకు వర్తించదో లాగ్‌బుక్‌లో రాసి ఉండాలి.

స్క్వాక్ షీట్ (లోపాలు రాసే కాగితం) ఖాళీగా ఉంటే మురిసిపోకండి. రోజుకు ఆరు గంటలు ఎగిరే విమానంలో ఏదో ఒకటి చెడుతుంది. షీటు ఖాళీ అంటే రాయడం లేదని అర్థం. ఏం రాశారు, ఎప్పుడు బాగుచేశారు, ఎవరు సంతకం పెట్టారు అన్న వరుస కనిపించాలి. పనిచేయని పరికరానికి ప్లకార్డ్ ఉండాలి.

బీమా

కొత్త ఇన్‌స్ట్రక్టర్లు దాదాపు అడగని ప్రశ్న ఇదే. స్కూలు పాలసీ స్కూలును కాపాడుతుంది, మిమ్మల్ని కాపాడుతుందని ఎక్కడా రాసి ఉండకపోవచ్చు. విద్యార్థి నోస్‌వీల్ విరిచాడు. బీమా కంపెనీ స్కూలుకు డబ్బు కట్టేసి, ఆ మొత్తం మీ దగ్గర రాబట్టుకోవడానికి దావా వేయొచ్చు. దీన్నే సబ్రొగేషన్ అంటారు. పాలసీలో ఇన్‌స్ట్రక్టర్ల మీద ఆ హక్కు వదులుకున్నట్టు ఉందా, మీ పేరు ఆమోదించిన పైలట్లలో ఉందా, డిడక్టబుల్ ఎవరు కట్టాలి, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. సంతృప్తిగా లేకపోతే నాన్-ఓన్డ్ పాలసీ (సొంతం కాని విమానం నడిపేవాళ్ల బీమా) సొంతంగా తీసుకోండి. తీసుకునేటప్పుడు అది శిక్షణ ఇవ్వడాన్ని కవర్ చేస్తుందో లేదో చూడాలి. మామూలు రెంటర్ పాలసీ చాలదు. మీరు సంతకం పెట్టి సోలోకు పంపిన విద్యార్థికి ఆర్నెల్ల తర్వాత ఏదైనా జరిగినా వెతుక్కుంటూ మీ పేరు దాకా వస్తారు.

వెళ్లి చూడటం

ఇది పెళ్లిచూపుల్లాంటిది. రమ్మన్న రోజున మంచి విమానం ముందు పెడతారు. అందుకే చెప్పకుండా రెండుసార్లు వెళ్లండి, ఒక శనివారం ఉదయం తొమ్మిదికి, ఒక పనిదినం మధ్యాహ్నం రెండింటికి. లాబీలో గంటసేపు కూర్చోండి. పాఠం ముగించుకొచ్చిన ఇన్‌స్ట్రక్టర్ విద్యార్థితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడుతున్నాడా, లేక నడుస్తూనే లాగ్‌బుక్ మీద సంతకం పెట్టి తర్వాతి వాణ్ని తీసుకెళ్తున్నాడా?

ఆ తర్వాత డబ్బు కట్టి ఒక గంట పాఠం తీసుకోండి, మామూలు కస్టమర్‌లాగే. వంద ఇంటర్వ్యూ ప్రశ్నలకంటే ఈ గంట ఎక్కువ చెబుతుంది. ప్రీఫ్లైట్‌లో ఏం వదిలేశారు, వెయిట్ అండ్ బ్యాలెన్స్ వేశారా, రన్-అప్‌లో మ్యాగ్నెటో డ్రాప్ ఎక్కువ వస్తే ఏం చేశారు?

చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వేయండి: "చివరిసారి ఒక ఇన్‌స్ట్రక్టర్ వాతావరణం బాగోలేదని పాఠం రద్దు చేశాక ఏం జరిగింది?" ఏమీ జరగలేదు, మామూలే అని భుజాలెగరేస్తే మంచి చోటే. "మా వాళ్లు అంతగా రద్దు చేయరు" అంటే కుర్చీ వెనక్కి జరపండి. అలాగే మీకు పైన ఎవరున్నారో చూడండి. ఇన్‌స్ట్రక్టర్లందరికీ ఏడాదిలోపు అనుభవమే ఉన్న స్కూల్లో తప్పులు కూడా ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. చేరగానే ఐదు నుంచి పది గంటలు మీతో ఎగిరి మాన్యూవర్లు ఒకే పద్ధతికి తెచ్చే స్కూలైతే, ఆ గంటలకు జీతం తక్కువిచ్చినా ఒప్పుకోవచ్చు.

చెక్‌రైడ్‌కు ఎన్ని వారాలు ఆగాలో అడగండి. ఎగ్జామినర్ దొరకక ఎనిమిది వారాలు ఆగే చోట, సిద్ధమైన విద్యార్థి తుప్పు పడతాడు, మళ్లీ మీ స్లాట్లు తింటాడు, చివరికి మీ మీద కోప్పడతాడు. సొంతంగా పరీక్ష పెట్టుకునే అధికారం ఉన్న పార్ట్ 141 స్కూళ్లకు ఈ బాధ తక్కువ.

సంతకానికి ముందు

ట్రైనింగ్ బాండ్ ఉంటే ఎంత మొత్తం, ఎన్ని నెలలు, నెలనెలా తగ్గుతుందా లేదా చూడండి. తగ్గని బాండ్ మీద సంతకం పెట్టకండి. మానేశాక చుట్టుపక్కల పాఠాలు చెప్పకూడదన్న షరతు కాలిఫోర్నియాలో చెల్లదు, మిగతా రాష్ట్రాల్లో రాష్ట్రాన్ని బట్టి. విద్యార్థుల దగ్గర కోర్సు మొత్తం ముందే కట్టించుకునే స్కూలైతే ఇన్‌స్ట్రక్టర్ల జీతాలు వేళకు పడుతున్నాయో విచారించండి. 2008 ఫిబ్రవరిలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ ఒక్కసారిగా మూతపడ్డప్పుడు, ముందే డబ్బు కట్టిన విద్యార్థులతో పాటు ఇన్‌స్ట్రక్టర్లూ రోడ్డున పడ్డారు.

2024 నుంచి ఎయిర్‌లైన్ల నియామకాలు నెమ్మదించాక పాత ఇన్‌స్ట్రక్టర్లు కదలడం తగ్గింది, కొత్త ఖాళీలూ తగ్గాయి. చాలా స్కూళ్లు బయటివాళ్ల కంటే తమ దగ్గర నేర్చినవాళ్లకే ముందు ఇస్తాయి. అందుకని ఇంకా సీఎఫ్‌ఐ మొదలుపెట్టనివాళ్లు, ఎక్కడ పని చేయాలనుకుంటున్నారో అక్కడే ఆ శిక్షణ తీసుకోవడం తెలివైన పని. సీఎఫ్‌ఐఐ కూడా ముగించుకుని వెళ్తే వరుసలో ముందుంటారు. ఎంపికలో ఎక్కువ చోట్ల పదిహేను నిమిషాల పాఠం బోర్డు మీద చెప్పమంటారు, కుడి సీటు నుంచి ల్యాండింగ్ చూస్తారు. విమానం ఎడమకు ఎందుకు లాగుతుందన్న నాలుగు కారణాలు, ఒక్క మార్కర్‌తో, పుస్తకం చూడకుండా చెప్పగలిగేలా వెళ్లండి.

దొరికింది ఒక్క ఆఫరే, అదీ అంతంత మాత్రమే అయితే? గంటల్లో, జీతంలో, ఊరిలో రాజీ పడొచ్చు. విమానాల నిర్వహణలో, రద్దు చేసే హక్కులో వద్దు.

చేరిన మొదటి రోజు నుంచే సోలో ఎండార్స్‌మెంట్ (ఒంటరిగా ఎగరడానికి సంతకం) ఇచ్చిన, పరీక్షకు పంపిన ప్రతి విద్యార్థి పేరు, తేదీ, ఫలితం సొంత పుస్తకంలో రాసుకోండి. మూడేళ్లు ఉంచాలన్నది నిబంధన, స్కూలు కంప్యూటర్ మీద ఆధారపడితే మానేసిన రోజున అది మీకు తెరుచుకోదు. ఇండియాకు తిరిగి రావాలనుకునేవాళ్లకు ఇంకో పని ఉంది. అమెరికా సీఎఫ్‌ఐ ఇక్కడ నేరుగా చెల్లదు, డీజీసీఏ నిబంధనల్లో అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ వేరే తెచ్చుకోవాలి. లైసెన్సు మార్పిడికి అక్కడి గంటలకు రుజువు అడుగుతారు. అందుకని స్కూలు వదిలే వారంలోనే లాగ్‌బుక్ పేజీలకు స్కూల్ ముద్ర, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం, విమానాల వారీగా గంటల లేఖ తీసుకుని బయటపడండి.